లెక్కల టీచరు కూతురు

నర్సీపట్నం,
14 జూలై 2024.

చిరంజీవి వేదశ్రీకి అమ్మ దీవించి రాసేది.

కవరు చూసి నవ్వుకుంటావేమో. ఫోనే చేద్దామనుకున్నాను. కానీ మంగళవారం ఫోనులో మనిద్దరం ఎంత గట్టిగా అరుచుకున్నామో పక్కవాటా వాళ్ళకి కూడా తెలిసిపోయింది. "ఏటి టీచరమ్మగారూ, అమ్మాయితో మళ్ళీ గొడవేటి?" అని పిట్టగోడ మీంచే అడిగారు. మీ నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి, "మీ తల్లీకూతుళ్ళకి ఫోను అచ్చిరాదు. ఏదైనా ఉంటే కాగితం మీద రాసుకోండి, కనీసం వీధి వినదు" అన్నారు. అందుకే ఇది.

నువ్వు పాయకరావుపేటలో మీ సత్యలక్ష్మి అత్త ఇంట్లో ఉండి ఈ ఏడాది చదువుకుంటానంటే నేను కాదనలేదు. కాదనలేకపోయాను. ఎంసెట్‌లో ఫిజిక్సూ కెమిస్ట్రీ బాగానే రాసిన పిల్లకి లెక్కల్లో ఎనభైకి పంతొమ్మిది! విశాఖపట్నంలో లాంగ్ టర్మ్ హాస్టల్లో చేరమంటే వద్దన్నావు. ఇంట్లో నేనే చెప్తానంటే ఇంకా గట్టిగా వద్దన్నావు. ఇరవై ఏళ్ళు దాటింది నేను ఈ ఊళ్ళో లెక్కలు చెప్పబట్టి. కూరల బజారుకి వెళ్తే నా దగ్గర చదువుకున్నవాళ్ళే వంకాయలు తూస్తూ, "మేడమ్, మన పాపకి లెక్కల్లో ఎంతొచ్చాయండీ?" అని అడుగుతున్నారు. నేను ఫిజిక్స్ మార్కులు చెప్పి వచ్చేస్తున్నాను.

మీ అత్త హైస్కూల్లో తెలుగు చెప్తుంది. పద్యం చదివితే వినబుద్ధవుతుంది, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ లెక్కల్లో సందేహం వస్తే నీకు అక్కడ ఎవరున్నారు? మీ మావయ్యకి తుని రైల్వే స్టేషన్లో డ్యూటీలే సరిపోతాయి. తునికి వెళ్ళి వారం వారం మాక్ టెస్టు రాసినంత మాత్రాన రాదు, తప్పు ఎక్కడుందో పట్టుకునే మనిషి పక్కన ఉండాలి.

చాప్టర్ల వారీగా సూత్రాలన్నీ రాసి ఇందులో పెడుతున్నాను. ముందు స్ట్రెయిట్ లైన్స్ చెయ్యి, తర్వాత సర్కిల్స్. ప్రాబబిలిటీ నీకు ఎలాగూ రాదు, అది వదిలెయ్.

వానలు బాగా పడుతున్నాయి. ఆనపపాదు గోడెక్కి విరగకాసింది. వద్దనడానికి నువ్వు లేవు కదా అని రోజూ అదే వండుతున్నాను. మీ నాన్నగారు మాట్లాడకుండా తింటున్నారు.

వేళకి తిను. అత్తకి నమస్కారాలు చెప్పు.

మీ అమ్మ,
కనకమహాలక్ష్మి

పాయకరావుపేట,
23 జూలై 2024.

అమ్మా,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ "వేదశ్రీ ఎవరండీ?" అని వీధిలోంచి కేక పెడితే నాకేదో ఉద్యోగం వచ్చిందనుకుని అత్త చపాతీ పిండి చేతులతోనే పరిగెత్తింది. నా పేరు మీద ఉత్తరం రావడం ఇదే మొదలు.

ఇక్కడ బాగానే ఉంది. హైవే మీద లారీల మోతకి అలవాటు పడిపోయాను. సాయంత్రం అత్త స్కూలు నుంచి వచ్చి కాఫీ తాగాక ఇద్దరం వీధరుగు మీద చాప వేసుకుంటాం. తాండవ ఏటి మీంచి గాలి వస్తుంది. లెక్కలు అక్కడే.

నువ్వు వదిలెయ్యమన్న ప్రాబబిలిటీనే ముందు పట్టుకున్నాను. సంచిలో ఎర్రబంతులూ నల్లబంతులూ ఉంటాయి, ఒకటి తీసి, దాన్ని మళ్ళీ వెయ్యకుండా ఇంకొకటి తీస్తారు, ఆ లెక్కలు. నువ్వు చెప్పినప్పుడల్లా నాకు కళ్ళు తిరిగేవి. అత్త దగ్గర కూర్చుంటే ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి. ఎలా అని అడక్కు. మొన్న తునిలో రాసిన టెస్టులో అవన్నీ రైటు.

ఇంతవరకూ అత్త నోటంట "ఇంత కూడా రాదా?" అన్న మాట రాలేదు.

సూత్రాల కాగితాలు అత్త గోడకి అంటించింది. నాన్నని అడిగానని చెప్పు. ఆనపకాయలు మాత్రం ఎవరిచేతా పంపకు.

వేద

నర్సీపట్నం,
4 ఆగస్టు 2024.

చిరంజీవి వేదకి ఆశీస్సులు.

ఒక్క సాయంత్రంలో వచ్చేసిందా! సంతోషం. సంతోషమని రాశానే గానీ, నీ ఉత్తరం చదివిన మర్నాడు పదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఆగిపోయాను. "మేడమ్, తర్వాతండీ?" అని పిల్లలు అడిగేదాకా నాకు తెలియలేదు. మీ అత్త ఆ బంతుల లెక్క ఎలా చెప్పి ఉంటుందా అని ఆలోచిస్తున్నాను.

నా పెళ్ళయిన కొత్తలో తన క్లాసు పిల్లల మార్కుల సగటు కట్టడానికి కూడా మీ అత్త నా దగ్గరికే వచ్చేది. "కనకం, నాకిది బుర్రకెక్కదు గానీ నువ్వు బేగి కట్టీమ్మా" అనేది. అలాంటి మనిషి ఎప్పుడు నేర్చుకుంది? మీ నాన్నగారిని అడిగితే, "మా అక్క మొదట్నించీ తెలివైనదే" అని పేపరు తిప్పారు. ఆ మాట నా గురించి ఎప్పుడైనా అన్నారేమోనని ఆ పూటంతా గుర్తు చేసుకున్నాను.

నేనూ ఇక్కడ ఊరికే కూర్చోలేదు. తలుపులమ్మ అని ఒక అమ్మాయి ఆదివారాలు వస్తోంది. వాళ్ళది కొయ్యూరు పైన కొండ మీద ఊరు. అమ్మానాన్నా పసుపు పండిస్తారు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు ఏరుతారు. హాస్టల్లో ఉండి గవర్నమెంటు కాలేజీలో ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, అదీ ఎంసెట్ రాస్తుంది. ఎంత చురుకో చెప్పలేను. ఒక్కసారి చెప్తే చాలు, "అర్థమయిందండి మేడమ్" అంటుంది. రెండోసారి అడగదు. ఎదురు చెప్పదు. కిటికీ పక్కన నీ కుర్చీ ఖాళీగానే ఉంది కదా, అందులో కూర్చోబెడుతున్నాను.

నా పద్ధతిలో తప్పేమీ లేదని దాన్ని చూస్తే తెలుస్తోంది.

మీ అమ్మ

పాయకరావుపేట,
25 ఆగస్టు 2024.

అమ్మా,

నా కుర్చీ ఇచ్చేశావా? మంచిది. నా మంచం కూడా ఇచ్చెయ్. హాస్టల్లో మంచాలు బాగోవుట.

పదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను నేను. ఒక్కసారైనా మీ స్టాఫ్‌రూములో నన్ను "చురుకు" అన్నావా? ఈ ఊళ్ళో ఎవరూ నన్ను లెక్కల టీచరు కూతురు అనరు. నేను తప్పు చేస్తే అది ఉత్త తప్పే, నీ పరువు తక్కువ కాదు. అందుకే ఇక్కడికి వచ్చాను.

వినాయకచవితికి రావడం లేదు. ఆ వారంలో పెద్ద టెస్టు ఉంది. క్రితం దాంట్లో లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి. అత్త మావయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

మొన్న అత్తా నేనూ తునిలో బట్టలకి వెళ్ళాం. షాపతను, "మీ అమ్మాయాండీ? మీ పోలికే" అన్నాడు. అత్త ఒక్క క్షణం నా వైపు చూసి, "అవునండి" అంది. నేనూ కాదనలేదు. నాకు నీలం చుడీదార్ కొనిపెట్టింది. రోజూ తలకి నూనె రాసి జడ వేస్తోంది.

తలుపులమ్మని బాగా చదవమను.

వేదశ్రీ

నర్సీపట్నం,
12 సెప్టెంబరు 2024.

వేదా,

చవితికి ఉండ్రాళ్ళు చేశాను. నీకిష్టమని కుడుములు కూడా చేశాను. వీధి చివర మండపంలో మైకు పొద్దున్నుంచీ మోగుతూనే ఉంది. ఆరు దాటేదాకా గుమ్మంలో నిలబడి, తుని బస్సు వచ్చే వేళలన్నీ అయిపోయాక లోపలికి వచ్చాను. టెస్టని రాశావు కానీ, పండగ పూట మధ్యాహ్నానికైనా వస్తావనుకున్నాను. రాలేదు.

షాపులో మీ అత్త "అవునండి" అన్న సంగతి నాకు రాయాలని నీకెందుకనిపించిందో నాకు తెలుసు. తగిలింది. నువ్వు అనుకున్న చోటే తగిలింది.

ఒక మాట చెప్తాను. నాకు కోపం ఎందుకొస్తుంది? రేపు ఈ పిల్ల ఏమైపోతుందోనని భయం కాబట్టి. మీ అత్తకేం, కడుపున ఒక్కరిని మోసి ఉంటే తెలిసేది. కననివాళ్ళకి ఎవరి పిల్లయినా ముద్దే. నూనె రాయడం, జడ వెయ్యడం, చుడీదార్లు కొనడం ఎవరైనా చేస్తారు. నాలుగు ముద్దుమాటలు చెప్పి నా పిల్లని తన పిల్లని చేసుకోవాలని చూస్తోంది. నువ్వు ఆ మాయలో పడ్డావు.

ముప్పై ఒకటి గొప్ప మార్కేమీ కాదు.

అమ్మ

పాయకరావుపేట,
29 సెప్టెంబరు 2024.

అమ్మకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏం జరిగిందో నీకు తెలియాలి.

ప్రతి ఉత్తరం రాగానే అత్త, "మీ అమ్మేటి రాసిందే? సదువు" అంటుంది. రోజంతా క్లాసులో ముత్యాల్లాంటి తెలుగు మాట్లాడి ఇంటికొస్తే ఇలాగే మాట్లాడుతుంది. నేను ముందు నాలో నేను చూసుకుని, కష్టపెట్టే మాటలు దాటేసి చదివేదాన్ని. ఆ రోజు అరుగు మీద అత్త చిక్కుడుకాయలు ఏరుతోంది. మొదట్లో ఉండ్రాళ్ళూ కుడుములూ అని ఉంది కదా, నాకు నోరూరి, ముందు చూసుకోకుండా చదువుకుంటూ పోయాను. నీ రాత అచ్చులా ఉంటుంది. ఎక్కడా తడబడే పని లేదు. "కడుపున ఒక్కరిని మోసి ఉంటే" దాకా వచ్చేశాక గానీ నా నోరు ఆగలేదు.

"తర్వాతేటి?" అంది అత్త.

"ఏం లేదత్తా."

"ఉంది. సదువు."

చదివాను. చివరిదాకా చదివించుకుంది. చిక్కుడుకాయలు ఏరడం పూర్తి చేసి, చాట తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ పూట కూరలో ఉప్పు లేదు. మావయ్య లేచి వెళ్ళి ఉప్పు తెచ్చుకున్నారు.

మర్నాడు కాఫీ ఇస్తూ, "వేదా, నిన్ను ఎల్లిపొమ్మనను, ఉండమనీ అనను. మీ అమ్మ కష్టపెట్టుకుంటంది. నీ లెక్కలు నువ్వు సూసుకో తల్లీ" అంది. అప్పటినుంచి అరుగు మీదకి రావడం లేదు. స్కూలు నుంచి వచ్చి వంటింట్లోనే ఉంటోంది. జడ కూడా నేనే వేసుకుంటున్నాను.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అత్తకి లెక్కలు రావు. నువ్వనుకున్నదే నిజం. నాకు ఒక్క లెక్క కూడా చెప్పలేదు.

వచ్చిన కొత్తలో నేను పుస్తకం ముందు పెట్టుకుని ఏడుస్తోంటే పక్కన కూర్చుని, "ఏటే ఇది? నాకు సెప్పు" అంది. సంచీ, బంతులూ చెప్పాను. "తీసిన బంతి మళ్ళీ సంచిలో వెయ్యరేటి?" అని అడిగింది. వేస్తే అది వేరే లెక్క అన్నాను. "అదెందుకు వేరేది? బంతులవే, సంచీ అదే కదా" అంది. నాకు జవాబు తెలియలేదు. లోపల్నుంచి చింతపిక్కలు తెచ్చి, కొన్నిటికి సున్నం రాసి, చేసంచిలో వేసి ఆవిడ చేతే తీయించాను. తీసింది తీసినట్టు పక్కన పెడుతూంటే సంచిలో మిగిలినవి తగ్గుతున్నాయి. తగ్గుతున్నాయి కాబట్టే రెండోసారి అంకె మారుతుంది! అత్తకి చూపిస్తూ చూపిస్తూ ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఆ తర్వాత రోజూ అంతే. అత్త అడుగుతుంది, నేను చెప్తాను. చెప్పలేకపోతే నాకు రాదని తెలుస్తుంది. మళ్ళీ చదువుతాను.

నీ దగ్గర అలా ఎప్పుడూ జరగలేదమ్మా. నేను అడగబోయేలోపే నువ్వు జవాబు చెప్పేస్తావు. నీ జవాబెప్పుడూ రైటే. నేను పక్కన కూర్చుని ఊ కొడుతూ ఉంటాను.

అత్త చెప్తోందని నువ్వు అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను. షాపు సంగతి కూడా నీకు మండాలనే రాశాను. మండింది నీకైతే, కాలింది అత్తకి.

ఈ ఆదివారం టెస్టులో ఇరవై నాలుగు. నేను అక్కడికి రాను. అక్కడ నా కుర్చీలో ఒక చురుకైన పిల్ల కూర్చుంది కదా.

వేదశ్రీ

నర్సీపట్నం,
21 అక్టోబరు 2024.

నా తల్లి వేదకి,

దసరాకి మీ నాన్నగారు ఒక్కరే ఎందుకు వచ్చారా అని అనుకుని ఉంటావు. పేపర్లు దిద్దాలని నేను చెప్పిన మాట అబద్ధం. మీ అత్త మొహం చూడలేక రాలేదు.

నిన్న మాత్రం వచ్చాను. నువ్వు తునిలో టెస్టు రాస్తూ ఉంటావని తెలిసే వచ్చాను. నా ఆటో మీ సెంటరు ముందునుంచే తాండవ వంతెన వైపు వెళ్ళింది. దిగలేదు. మీ అత్త నీకు చెప్పిందో లేదో, నేనైతే చెప్పాలి.

ముందు తలుపులమ్మ సంగతి. వరసగా రెండు ఆదివారాలు రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నిన్న పొద్దున్నే హాస్టల్‌కి వెళ్ళాను. గేటు దగ్గర తల వంచుకుని నిలబడింది. ఎందుకు రావడం లేదంటే గేటు చువ్వకున్న తుప్పు గోటితో గీకింది. చివరికి, "నాకు మీరు సెప్పేది అర్దం కాటం లేదండి. ఒక్కపాలి అడిగితే మీ మొకం మారిపోతాదండి. అందుకే అర్దమయింది, అర్దమయింది అన్నానండి" అంది. ఏడుపు రాలేదు దానికి. నాకే వచ్చింది. నా పద్ధతికి సాక్ష్యమని నీకు రాసిన పిల్ల అది. అడిగే ధైర్యం లేక తల ఊపిన పిల్లని పట్టుకుని చురుకు అన్నాను. నీ ఉత్తరంలో "ఊ కొడుతూ ఉంటాను" అన్న మాట గేటు దగ్గరే గుర్తొచ్చింది.

అక్కణ్ణుంచి ఇంటికి వెళ్ళకుండా తుని బస్సెక్కాను.

మీ అత్త తలుపు తీసి, "రా కనకం. అన్నం తిన్నావేటి?" అంది, మొన్ననే కలిసినట్టు. కంచం పెట్టింది. నేను తినకుండా, "వదినా, నేను రాసిన మాట..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఇంతమంది పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను.

"అబద్దం రాసావేటి? నిజమే కదా. నిజం కాబట్టే గుచ్చుకుంది," అంది. "నువ్వొక నిజం రాసావు, నేనొకటి సెప్తాను ఇను. నాకూ నీమీద కుళ్ళే. పొద్దున్న లేస్తే టిపినెట్టింది నేను, తలకి నూని రాసింది నేను. మొన్న దానికి జొరమొస్తే పక్కనే కూసున్నది నేను. మూలిగితే 'అమ్మా' అనే మూలిగింది గానీ, ఒక్కపాలైనా 'అత్తా' అనలేదు. నాకెంత మండిపోయిందో తెలుసా? అక్కడ నువ్వేటీ సెయ్యకుండా కూసున్నావు, పిలుపు మాత్రం నీకొచ్చీసింది."

నేను లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎంగిలి చెయ్యి కాదు, ఇంకా తినలేదు కదా. ఇద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత ఆవిడే, "తిను. సల్లారిపోతంది" అంది. ఇద్దరం తిన్నాం. నిన్ను పంపించెయ్యమని అడగలేదు. ఉంచమని అడిగాను. "నువ్వడక్కపోయినా ఉంచీదాన్నే," అంది.

ఒక్కటి మాత్రం దాచుకోను. బస్సులో తిరిగి వస్తూ నేను తలుచుకోవలసింది ఆవిడ బాధ. కానీ దారంతా తలుచుకున్నది నువ్వు జ్వరంలో "అమ్మా" అన్న సంగతే. నీకు జ్వరం వచ్చిందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడెలా ఉంది?

మీ అమ్మ

పాయకరావుపేట,
10 నవంబరు 2024.

అమ్మా,

జ్వరం రెండు రోజులే. భయపడతావని చెప్పలేదు.

నువ్వు వచ్చినట్టు అత్త చెప్పలేదు. టెస్టు నుంచి వచ్చేసరికి అరుగు మీద చాప వేసి ఉంది. "ఏటలా సూస్తావు? ఈయేల ఏటి సెప్తావు నాకు?" అంది. అంతే. నేను చాప మీద కూలబడి ఏడ్చాను. "ఏడుపయ్యాక సెప్పు" అని పక్కనే కూర్చుంది. నీ ఉత్తరం వచ్చాక గానీ సంగతి తెలియలేదు. ఈ ఉత్తరం మాత్రం అత్తకి చదివి వినిపించలేదు. తానూ అడగలేదు.

తలుపులమ్మ గురించి చదివి మొదట నాకు సంతోషం వేసింది. మంచి సంతోషం కాదు. ఓహో, ఆ పిల్లకీ రాదన్నమాట అని. మళ్ళీ చదివితే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా నేను నీ మొహం మీద చెప్పలేకపోయిన మాట ఆ అమ్మాయి హాస్టల్ గేటు దగ్గర నిలబడి చెప్పేసింది. నేను చెప్పడానికి ఊరు మారాల్సి వచ్చింది. నువ్వు దాని మాట విని బస్సెక్కావు. నా మాట వింటే ఎక్కేదానివా?

ఇలా రాస్తే కష్టపెట్టుకోకు. తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

ఆ అమ్మాయిని రమ్మను. కొత్త సంవత్సరం దాటాక ఒక రెండో శనివారం నేను ఇంటికి వస్తాను. దానికి ఏది రాదో అది నేను చెప్తాను. దానికోసం కాదు, చెప్తే నాకొస్తుందని. నువ్వు మాత్రం వంటింట్లోనే ఉండాలి.

అత్త ఇప్పుడు స్ట్రెయిట్ లైన్స్‌లో ఉంది. గీత కిందకి వాలితే మైనస్ ఎందుకవుతుందని నిన్న నన్ను అన్నం తిననివ్వలేదు.

వేద

నర్సీపట్నం,
16 ఫిబ్రవరి 2025.

చిరంజీవి వేదకి అమ్మ ఆశీస్సులు.

నువ్వు వెళ్ళి వారమైంది. ఇంట్లో ఇంకా నీ నవ్వు వినిపిస్తున్నట్టే ఉంది. నీ నవ్వొక్కటే కాదు, ఆ తలుపులమ్మదీ. నా ముందు నోరు విప్పని పిల్ల నీ దగ్గర, "అలా కాదే, నువ్వే తప్పు సేసావు, సూడు" అంటోంటే నేను వంటింట్లో పప్పు మాడబెట్టాను. నాకు ఎవరిని చూసి కుళ్ళు వచ్చిందో నాకే తెలియలేదు. దాన్ని చూసా, నిన్ను చూసా?

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. నువ్వు చెప్తే బస్సెక్కేదాన్నా అని అడిగావు. ఎక్కేదాన్ని కాదు. నువ్వు నా కూతురివి కాబట్టి నీకు వాదించి నేర్పాలనుకునేదాన్ని. పరాయి పిల్ల చెప్పింది కాబట్టి వినబడింది. అది నీకు న్యాయం కాదు. ఇకనుంచి నువ్వు చెప్పేది కూడా వినడం నేర్చుకుంటాను. ఈ వయసులో కొంచెం ఆలస్యమవుతుంది, ఓపిక పట్టు.

బడిలో ఒక పని చేస్తున్నాను. ప్రశ్న అడగ్గానే నోట్లో లవంగం పెట్టుకుంటున్నాను. అది నమిలేదాకా జవాబు చెప్పను. మొదటి వారం పిల్లలు బిక్కచచ్చి కూర్చున్నారు. ఇప్పుడు వెనకబెంచీ నుంచి కూడా ఏదో ఒకటి అంటున్నారు. చాలావరకు తప్పులే. తప్పు విని ఊరుకోవడం ఎంత కష్టమో! మీ నాన్నగారు మాత్రం ఇంట్లో కూడా లవంగం వాడమంటున్నారు.

మీ అత్తకి నేను సర్కిల్స్‌లో టాంజెంట్ గురించి ఒక ప్రశ్న పంపుతున్నాను. నిన్ను అడగమను. తడుముకుంటావు.

మీ అమ్మ

పాయకరావుపేట,
20 జూలై 2025.

అమ్మా,

అత్త కంటి ఆపరేషన్ అయి పన్నెండో రోజు. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ నా మార్కులు చెప్తోంది. అడగనివాళ్ళకి కూడా చెప్తోంది. "లెక్కల్లో ఎనభైకి నలభై ఆరండి. క్రితమేడు పంతొమ్మిదండి" అని. ఆ పంతొమ్మిది ఎందుకు చెప్తావత్తా అంటే, "అది సెప్పకపోతే దీని గొప్పేటి తెలుస్తాది?" అంటోంది.

రిజల్ట్ రోజు ఫోనులో నేను ఎక్కువ మాట్లాడలేదు. నువ్వు కారణం అడగలేదు, లవంగం నమిలావనుకుంటాను. ఇప్పుడు చెప్తున్నాను. తలుపులమ్మకి యాభై ఒకటి. ప్రాబబిలిటీ దానికి నేర్పింది నేను. పరీక్ష ముందురోజు దాకా ఫోనులో దాని సందేహాలు తీర్చింది నేను. అది నాకు ఫోన్ చేసి, "అక్కా, నీవల్లే అక్కా" అని ఏడుస్తోంటే, మంచిదమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. అయిదు మార్కులు! ఆపుకోలేక అత్తతో చెప్పేశాను. "కుళ్ళుకో. రెండ్రోజులు కుళ్ళుకుని మానీ" అంది. రెండ్రోజులకి మానలేదు, వారం పట్టింది. దానికి విజయనగరంలో సీటు వచ్చిందని తెలిసి నిన్న నేనే ఫోన్ చేశాను. హాస్టల్‌కి ఏమేం పట్టికెళ్ళాలో నాకంటే దానికే బాగా తెలుసు. రాసుకున్నాను.

నా కాలేజీ సంగతి. ఆగస్టు మూడు ఆదివారం విశాఖపట్నం హాస్టల్లో చేరాలి. శనివారమే అత్తా మావయ్యా నేనూ నర్సీపట్నం వచ్చేస్తాం, మర్నాడు అందరం కలిసి బస్సులో వెళ్దాం. నాన్న సామాన్లు చూసుకుంటానన్నారు. చిక్కల్లా ఒక్కటే. బస్సులో ఇద్దరిద్దరు కూర్చునే సీట్లు. అత్త నా పక్కన కూర్చుంటానని ఇప్పటినుంచే చెప్తోంది. డాక్టరు ప్రయాణం చెయ్యొచ్చన్నాడట గానీ పక్కన మనిషి ఉండాలన్నాడట. మనిషంటే మావయ్య కూడా మనిషే కదా అంటే వినడం లేదు.

నువ్వేమంటావో రాయి. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వేద

నర్సీపట్నం,
25 జూలై 2025.

చిరంజీవి వేదశ్రీకి అమ్మ దీవించి రాసేది.

కూరల బజారులో మొన్న ఎవరూ అడక్కుండానే నలభై ఆరు అని నేనే చెప్పాను. పంతొమ్మిది కూడా చెప్పాను. ఆ విషయంలో మీ అత్తదే సరైన పద్ధతి.

తలుపులమ్మ వాళ్ళ అమ్మతో కలిసి పసుపు కొమ్ములు పట్టుకొచ్చింది. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని, "మీ పాపే సెప్పిందటమ్మా" అంది. అవునన్నాను. అప్పుడు నా మొహం ఎలా ఉందో నువ్వు చూడాల్సింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక పిల్ల బాగుపడితే ఆ పేరు నాకు రాకపోవడం అదే మొదటిసారి. ఎవరికో పోలేదు, నీకే వచ్చింది. అయినా కాస్త కలుక్కుమంది. మీ అత్త చెప్పినట్టు రెండు రోజులు ఉండనిచ్చాను.

నీ దుప్పట్లు ఉతికి పెట్టాను. బకెట్టూ మగ్గూ అక్కడే కొందాం. హాస్టల్ తిండి పడేదాకా ఉంటుందని పచ్చళ్ళు కలుపుతున్నాను. మీ అత్త కూడా కలుపుతోందని మీ నాన్నగారు అన్నారు. ఆవకాయ నాది పట్టుకెళ్ళు, మాగాయ ఆవిడది. ఆవిడ మాగాయ బాగుంటుంది, ఒప్పుకుంటున్నాను.

ఇక సీటు సంగతి. నీ ఉత్తరం చూసిన దగ్గర్నుంచీ ఆలోచిస్తున్నాను. నీ పక్కన మాకవరపాలెం దాకా మీ అత్త కూర్చోవచ్చు, అక్కణ్ణుంచి నేను కూర్చుంటాను.

పై వాక్యం రాసి చూసుకుంటే నాకే సిగ్గేసింది. మాకవరపాలెం ఎంత దూరం, బస్సు ఊరు దాటి నాలుగు మలుపులు తిరిగితే వచ్చేస్తుంది. కంటికి ఆపరేషనైన మనిషిని అంతలోనే లేపుతానా?

అనకాపల్లి దాకా కూర్చోనీ. అక్కణ్ణుంచి మాత్రం నేనే.

మీ అమ్మ,
కనకమహాలక్ష్మి